గాలిమోటరుకు బట్ట కుట్టిన మా అత్తమ్మ

పోయిన బుధవారం పొద్దున మా అత్తమ్మ పోయింది. అల్వాల్‌లో మా ఇంటి వరండాలో ఎండకు కూర్చుని చాయ్ తాగింది, గ్లాసు పక్కన పెట్టింది, గోడకు తల ఆనించింది. మా ఇంటావిడ గేటు దగ్గర కూరగాయలు తీసుకుని లోపలికి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఎనభై దాటిన మనిషి. మంచం పట్టలేదు. ఎవరినీ చెంబెడు నీళ్లు తెచ్చిపెట్టమని అడగలేదు. "పోతే గిట్ల పోవాలె" అని మా వాడకట్టు ముసలమ్మలు ఆమె కాళ్లకు మొక్కుతూ అన్నారు. ఏడ్చినవాళ్లు కూడా మధ్యమధ్యలో ఆమె మాటలు గుర్తు చేసుకొని నవ్వారు.

అల్లుడు అత్త గురించి రాయడం మన దగ్గర పెద్దగా లేదు. ఎకసెక్కాలాడటమే ఎక్కువ. కానీ నేను ఆమెకు అల్లుణ్ణి కాకముందే పనిలో తోటివాణ్ణి. ఆ రోజుల్లో నన్ను "ఓ పిలగా" అని గొంతెత్తి పిలిచేది. తప్పు చేస్తే తిట్టేది. ఆమె బిడ్డతో నా పెండ్లయిన మర్నాటి నుంచి ఆ గొంతు మాయమైంది. తలుపు చాటున నిలబడి, కొంగు సవరించుకొని, "అల్లునికి ఇంకింత అన్నం కావాల్నేమో అడుగు" అని కూతురితో అనేది. నేను ఎదురుగానే ఉండేవాణ్ణి. "అత్తమ్మా, నన్ను ఎప్పటిలెక్క తిట్టు, నాకు గదే మంచిగుంటది" అని చాలాసార్లు బతిమాలాను. ఆమె నవ్వేది గానీ మర్యాద మాత్రం విడిచిపెట్టలేదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎవరు కొత్త బట్టలు వేసుకొని కనిపించినా రంగు చూడదు, అంచు చూడదు. చటుక్కున చేయి పట్టుకొని అంగీ మడత తిప్పి లోపలి కుట్టు చూస్తుంది. కంటి ఆపరేషన్‌కి తీసుకుపోతే డాక్టరు తెల్లకోటు చేయి కూడా అట్లాగే తిప్పి చూసింది. "మంచి దర్జీయే దొరికిండు" అని సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ డాక్టరు ఎంత మురిసిపోయాడో! మా ఇంట్లో ఊడిన గుండీతో తిరగడానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. దారాన్ని ఎన్నడూ పండ్లతో కొరకలేదు. కత్తెర లేకపోతే సూదిని అట్లాగే గుచ్చి పెట్టి, కత్తెర దొరికేదాకా కూర్చునేది. "కొరికిన దారం కుక్క కొరికినట్టే ఉంటది" అనేది.

మా పిల్లలకూ, వాళ్ల పిల్లలకూ ఆమె ఒక అమ్మమ్మ, ఒక అవ్వ. ఆమె ఒకప్పుడు గాలిమోటరుకు బట్ట కుట్టిందంటే నమ్మేవాళ్లు కాదు. "విమానానికి బట్టేంది తాతా, అది ఇనుముది గాదా?" అని నన్నే అడిగేవాళ్లు. వాళ్లకోసం, మీ కోసం ఆ సంగతి చెప్తాను.

మాది మేడ్చల్. నేను పుట్టిన కొన్నాళ్లకే మా అమ్మ పోయింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో నేను ఎయిర్‌ఫోర్స్‌లో రిగ్గర్‌ని. విమానం ఇంజను చూసేవాళ్లు వేరు. రెక్కలు, తోక, ఒళ్లు చూసేవాణ్ణి రిగ్గర్ అంటారు. మా క్యాంపు అల్వాల్ అవతల ఉండేది. అక్కడ కొత్త పైలట్లకు శిక్షణ ఇవ్వడానికి ఫైటర్ విమానాలు ఉండేవి. యుద్ధభూమిలో చేయాల్సిన పని చేసి, పాతబడి, మా దగ్గరికి వచ్చినవి. అందులో ఒకదాన్ని రోజూ తుడిచి, తడిమి చూసి, ఆకాశంలోకి పంపే పని నాది. ఒంటి సీటు విమానం. ముందు సగం రేకు. పైలట్ వెనక నుంచి తోకదాకా పక్కటెముకల్లాంటి కట్టె బద్దలు, వాటి మీద బిగించి కుట్టిన నారబట్ట.

ఒక ఎండాకాలం అది తిరిగి రాలేదు. ఇంజను ఆగిపోతే పైలట్ దాన్ని ఎండిపోయిన శామీర్‌పేట చెరువులో, చక్రాలు దించకుండానే, పొట్ట మీద దించాడని కబురొచ్చింది. సార్జంటు, నేను, ఇద్దరు ఇంజను మెకానిక్కులు లారీలో పోయాం.

చెరువు కట్టదాకా ఎండి నెర్రెలు బారింది. నీళ్లు తీసిన చోట ఊరివాళ్లు దోస, పుచ్చ పెట్టుకున్నారు. మా విమానం ఆ తీగెలను చీల్చుకుంటూ వచ్చి, గిర్రున తిరిగి, తుమ్మపొదల్లోకి తోక దూర్చి ఆగింది. ముక్కు మీది పంకా రెక్కలు విరిగాయి. పొట్ట కింద, ఒక పక్కంతా బట్ట పీలికలు పీలికలు. పక్కనే నడుం మీద చేతులు పెట్టుకొని ఒకామె నిలబడి ఉంది. ఎదురుగా పైలట్, పంజాబీ పిల్లవాడు, మీసం కూడా సరిగా రాలేదు.

"ఏంది, గింత పెద్ద చెర్వుల నీ గాలిమోటరుకు నా దోసతీగెలే కనవడ్డయా?" అని అడుగుతోంది ఆమె. పైలట్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. నన్ను చూడగానే ఆమె నా వైపు తిరిగింది. "నీకు తెలుగొస్తదా పిలగా? అయితే గీనికి చెప్పు." నేను హిందుస్తానీలో చెప్పాను. అతను రెండు చేతులూ జోడించాడు. ఆ చేతులు గడగడా వణుకుతున్నాయి. ఆమె అది చూసింది. వంగి, విరిగిన తీగెల్లోంచి ఒక పుచ్చకాయ ఏరి, మోకాలికేసి కొట్టి పగలగొట్టి అతని చేతిలో పెట్టింది. "తిను. పానం నిమ్మలమైతది."

మా అత్తమ్మను నేను మొదటిసారి చూసింది అప్పుడు.

ఆమె భర్త గత్తర, అంటే కలరా, వచ్చి పోయాడు. అప్పటికి బిడ్డ చంకలో ఉంది. ఇంటి పక్క దర్జీ ఖాసీం భాయి, ఆయన భార్య ఆమెకు కుట్టుపని నేర్పారు. రవికెలు, లాగులు, బొంతలు, పెండ్లిళ్లకు వేసే షామియానాలు కూడా ఖాసీం భాయితో కలిసి కుట్టేది. అట్లా బిడ్డను పెంచుకొచ్చింది. మేము వెళ్లేనాటికి ఆ బిడ్డకు పెండ్లి వయసు.

మూడోనాడు పైనుంచి హుకుం వచ్చింది. అంత పాత విమానం కోసం పెద్ద లారీలు, క్రేన్లు పంపడం కుదరదు. మిరుగం కార్తె వానలొచ్చి చెరువులోకి నీళ్లు దిగేలోపల అక్కడే బాగుచేసి ఎగరేస్తే సరే. లేకపోతే ఇంజను ఊడదీసుకొని, మిగతాది కోసి పాత సామానులో వేయండి. అది విన్న పూట నాకు అన్నం సయించలేదు. ఏడాదిగా నా చేతుల మీద ఉన్న విమానం అది.

ఒడ్డున డేరాలు వేసుకొని, రెక్కల కింద గుంటలు తవ్వి చక్రాలు దించాం. ఊరి మగవాళ్లు దూలాలు వేసి లేపితే అది మళ్లీ తన కాళ్ల మీద నిలబడింది. కొత్త పంకా వచ్చింది. మెకానిక్కులు ఇంజను విప్పుకొని కూర్చున్నారు. బట్ట పని మాత్రం ఆగిపోయింది. బట్ట కుట్టే మనిషి చలిజ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడు. చిన్న చిరుగైతే నేను అతికించగలను. ఒక పక్కంతా కుట్టడం నా వల్ల కాదు. సార్జంటు ఖాసీం భాయి దగ్గరికి పోయాడు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొని, "నా కండ్లు కమ్జోర్ అయినయి సాబ్. నా పక్కింటి చెల్లెను అడుగుండ్రి. ఆమె చెయ్యి నా చెయ్యికంటె సాఫ్" అన్నాడు.

ఆమె వస్తానంది. ఆమె బావగారు, అంటే పోయిన భర్తకు అన్న, అడ్డం పడ్డాడు. "మొగోళ్ల క్యాంపుల ఆడిదానికి ఏం పని? రేపు బిడ్డను ఎవడు చేసుకుంటడు?"

ఆమె చేతిలోని కుట్టుపని పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అన్నది: "బావా, దినాం నేను కుట్టేది మొగోళ్ల అంగీలే. గది గాలిమోటరు అంగీ అనుకో. ఖాసీమన్న నాతోని వస్తడు, నా బిడ్డ వస్తది. నువ్వు గూడ రా, నీడకు కూసో." బావగారు రాలేదు గానీ మళ్లీ అడ్డం కూడా చెప్పలేదు.

ఇట్లా మా పని మొదలైంది. ఖాసీం భాయి పెద్దమనిషిగా గొడుగు కింద కూర్చునేవాడు. బిడ్డ తేనెమైనం రుద్ది దారం పదును చేసేది. నేను కుట్టు చూపించాను, ఆమె కుట్టింది. పొడుగు సూది, మెలి తిరిగిన సూది, రెండూ ఆమె చేతికి తొందరగానే అలవాటయ్యాయి. చాలా రోజులు పట్టింది ఆ పక్క పూర్తి కావడానికి. చూడటానికి ముచ్చటగా ఉంది. నేనే పొంగిపోయి సార్జంటును పిలుచుకొచ్చాను.

సార్జంటు మద్రాసు వైపు మనిషి, మంచివాడు, మాట మెత్తన. వేలితో ఒకచోట దారం లాగి చూశాడు. ఒక కుట్టు కోసి, పక్క కుట్టు లాగాడు. అది జారింది. దాని పక్కది కూడా జారింది. అంగీకి వేసే ముడి అది, అంగీకి సరిపోతుంది. విమానానికి ప్రతి కుట్టూ దానికదే బిగిసి ఉండాలి. గాలిలో ఒక్కటి తెగినా మిగతావి నిలబడాలి. ఆ ముడి నేను ఆమెకు ఒకసారి చూపించాను గానీ, అది ఆమె చేతికి పట్టిందో లేదో నాకు తెలియలేదు. ఆమెకూ తెలియలేదు.

సార్జంటు నా మొహం చూశాడు. నేను ఆమె మొహం చూశాను.

"ఇప్పాల్నా?" అని అడిగింది.

"ఇప్పాలె."

బిడ్డ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను మబ్బుల వైపు చూసి, "టైం లేదు, మనతోని అయితదో కాదో" అన్నాను. ఆమె కత్తెర తీసుకొని తన కుట్టు తానే కోయడం మొదలుపెట్టింది. "ఇప్పి కుట్టుడు సిగ్గు గాదు పిలగా, ఇడిసిపెట్టుడు సిగ్గు" అన్నది. సీటు వైపు గడ్డం ఎత్తి, "ఇండ్ల కూసునేది గా పిలగాడేనా?" అని అడిగింది.

"అవ్, ఆయననే."

"ఆయన తల్లి యాడుంటది?"

"పంజాబ్‌ల ఉంటదట. రైల్ల పోతే మస్తు దూరం."

ఆమె మిగతా కుట్లు కూడా కోసేసింది. ఆ ముడి మళ్లీ చూపించమంది. పాత గోనెబట్ట మీద, తన చీర చెంగు మీద, బిడ్డ కూర్చున్న చాప అంచు మీద వేసి చూసుకుంది. తానే కోసి తానే లాగి చూసింది. జారకుండా నిలిచాక గానీ విమానం మీద సూది పెట్టలేదు. నా జీవితంలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఆ పూట నేర్చుకున్నదే. తర్వాత ఎన్నో పనుల్లో నా చేయి తప్పింది. ప్రతిసారీ విప్పి మళ్లీ మొదలుపెట్టగలిగానంటే ఆమె పుణ్యమే.

రెండోసారి సార్జంటు ఎక్కడ కోసి లాగినా ఒక్క కుట్టు కదలలేదు. ఆయన టోపీ తీసి నవ్వాడు. ఆమె మాత్రం కోసిన చోట మళ్లీ కుట్టేదాకా నవ్వలేదు.

కుట్టిన బట్ట మీద డోపు అనే మందు పూస్తారు. మగ్గిన పండు వాసన, తల తిరుగుతుంది. అది ఆరుతుంటే బట్ట బిగుసుకుంటుంది. నిప్పు తగిలితే మాత్రం భగ్గుమంటుంది. అందుకని ఖాసీం భాయి బీడీ కట్టను సార్జంటు తన జేబులో పెట్టుకున్నాడు. "జైల్ల కూడ బీడీ ఇస్తరు సాబ్" అని ఆయన రోజూ గొణిగేవాడు. మొదటి పూత ఆరాక అత్తమ్మ గోటితో కొట్టి చూసింది. ఢమ్మని మోగింది. "ఓరి వీని! మంట కాడ కాపిన డప్పయింది గదా!" అని చిన్నపిల్లలా బిడ్డను కూడా పిలిచి కొట్టించింది. ఆ పిల్ల కొట్టి, నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు గురించి ఇంతకంటే రాస్తే ఇంట్లో ఊరుకోరు.

అప్పుడే గాలిలో తేమ మొదలైంది. మబ్బు పట్టిన పూట పూసిన మందు పాలు విరిగినట్టు తెల్లబడింది. అట్లా తెల్లబడితే దానికి బలం ఉండదు. గీకి మళ్లీ పూయాలి. ఖాసీం భాయి, అత్తమ్మ ఇంట్లో ఉన్న పాత షామియానా మోసుకొచ్చారు. ఊరివాళ్లు గుంజలు పాతారు. జల్లు పడితే దాని కింద విమానం, ఎండ వస్తే షామియానా తీసేసి మందు. కొన్నాళ్లు మేమంతా ఆకాశం చూస్తూనే బతికాం.

పరుగుకు నేల చదును చేయాల్సి వచ్చింది. నెర్రెల్లో మట్టి నింపి బండ తిప్పారు. దారికి అడ్డంగా మిగిలింది అత్తమ్మ దోసపాదులే. ఎవరమూ అడగలేకపోయాం. పొద్దున పోయి చూసేసరికి ఆమే తీగెలు పీకి ఒడ్డున కుప్ప పెట్టింది. పిందెలు అన్నీ చాటలో ఏరింది. "పచ్చడి పెడత, అందరు తిని పోవాలె" అన్నది.

ఎగిరే రోజు పైలట్ వచ్చాడు. విమానం చుట్టూ తిరిగి, ఆమె కుట్టిన పక్క దగ్గర ఆగి, అరచేయి ఆనించాడు. తర్వాత ఆమె ముందు వంగి కాళ్లకు దండం పెట్టాడు. ఆమె గాభరాపడి రెండడుగులు వెనక్కి వేసింది. మళ్లీ ముందుకు వచ్చి అతని తల మీద చేయి పెట్టింది. "పైలం కొడుకా" అన్నది. ఈసారి ఎవరూ తర్జుమా చేసి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ రోజు గాలి చెరువుకట్ట వైపు నుంచి వీస్తోంది. విమానం గాలికి ఎదురు పరుగెత్తి లేవాలి. అంటే కట్టకు ఎదురుగా. ఇంజను అందుకుంది. దుమ్ము లేచింది. ఊరు ఊరంతా ఒడ్డున నిలబడింది. చక్రాలు గెంతుతూ పోతున్నాయి, కట్ట దగ్గరైపోతోంది, ఇంకా లేవడం లేదు. ఖాసీం భాయి కళ్లు మూసుకొని అల్లాను తలుచుకున్నాడు. అందరూ చక్రాల వైపు చూస్తున్నారు, అత్తమ్మ ఒక్కతే తోక వైపు చూస్తోంది. కట్ట ఇంకా కొంచెం దూరం ఉందనగా చక్రాల కింద వెలుతురు కనిపించింది. కట్ట మీది తాడిచెట్ల పక్కనుంచి అది పైకి పోయింది.

జనం కేక ఆకాశాన్ని అంటింది. విమానం ఒక చుట్టు తిరిగి మా నెత్తి మీదుగా వచ్చి, ఒక రెక్క వంచి, అల్వాల్ వైపు మళ్లింది. అప్పుడు ఎండలో ఆ పక్క స్పష్టంగా కనిపించింది. బట్ట ఎక్కడా ఉబ్బలేదు, ముడత పడలేదు. "కుట్టు కనవడ్తలేదు గదా?" అని అడిగింది అత్తమ్మ. లేదన్నాను. "గట్లనే ఉండాలె. మంచి కుట్టయితే కనవడదు." అప్పుడు గానీ ఆమె కూర్చోలేదు. ఉన్నచోటనే నేల మీద చతికిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది. అది చెమటో, కన్నీళ్లో నేను అడగలేదు.

మా సామాను ఇంకా అక్కడే ఉండటంతో కొన్ని రోజుల తర్వాత లారీతో నేనొక్కణ్ణే మళ్లీ పోయాను. దూలాలు, డేరాలు ఎక్కిస్తుండగానే వాన మొదలైంది. ఆ ఏటి మొదటి పెద్ద వాన. పరుగెత్తి కట్ట ఎక్కాను. అక్కడ అత్తమ్మ తల మీద గోనెసంచి కప్పుకొని నిలబడి చెరువులోకి చూస్తోంది. పైలట్ క్షేమంగా దిగాడనీ, పెద్ద ఆఫీసరు బట్ట మీద చేయి తిప్పి చూసి మెచ్చుకున్నాడనీ చెప్పాను. తలూపింది. చెరువు లోపలికి నీళ్లు దిగుతున్నాయి. మెత్తటి నేల మీద విమానం చక్రాలు గీసిన రెండు గీతలు అట్లాగే ఉన్నాయి, తిన్నగా, కట్ట వైపు. ఎర్రటి కొత్తనీళ్లు ముందు వాటిలోకే దిగాయి. రెండు పాయలుగా, ఒకదాని పక్కన ఒకటి, పోటీ పడుతున్నట్టు పారుతూ వస్తున్నాయి.

ఆమె వాటి మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"పిలగా, మేడ్చల్‌ల మీ ఇంటికొస్తే మాట్లాడెటందుకు పెద్దోళ్లెవరన్న ఉన్నరా?"

"బాపున్నడు" అన్నాను.

ఆమె గోనెసంచి సగం నా తల మీదికి లాగింది. వాన తగ్గేదాకా ఇద్దరం దాని కిందనే నిలబడి, ఆ రెండు పాయలూ కలిసిపోయి చెరువయ్యేది చూశాం.